బండ మార్చిన రోజే ఇల్లు చూసుకునే రోజు

దీపం-2 పథకం లబ్ధిదారుల కోసం
ఇంట్లో అగ్ని ప్రమాదాల నివారణ – ప్రసంగ పాఠం

అగ్నిమాపక వారోత్సవాల సందర్భంగా గ్రామ సచివాలయం దగ్గర జరిగిన మహిళా సంఘాల సమావేశంలో మండల అగ్నిమాపక కేంద్రం అధికారి మాట్లాడిన మాటలివి. సమావేశానికి రాలేకపోయిన వారి కోసం రాతలో పెట్టాం. చదివాక మీ సంఘం గ్రూపులో పంపండి. చదవడం రాని పెద్దవాళ్లకు చదివి వినిపించండి. చివర ఉన్న పట్టీని ఫోన్‌లో దాచుకోండి.

అందరికీ నమస్కారం. అక్కచెల్లెళ్లకు, పెద్దమ్మలకు, వెనక చెట్టు కింద నిలబడ్డ అన్నదమ్ములకు కూడా. వంటింటి సంగతి మాకెందుకులే అని మగవాళ్లు వెళ్లిపోకండి. కరెంటు వైర్లకు టేపు చుట్టేది మీరే, పెట్రోలు సీసా ఇంట్లో పెట్టేదీ మీరే. కాబట్టి ఇది మీకూ సంబంధించిన మాటే.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతాం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో సరుకు ఓడ ఒకటి అంటుకుని పేలిపోయింది. మంట ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది అరవై మందికి పైగా తిరిగి రాలేదు. వాళ్ల జ్ఞాపకంగా ఈ వారం రోజులూ ఊరూరా తిరిగి జాగ్రత్తలు చెప్తాం.

ముందు పథకం సంగతి రెండు మాటల్లో. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదటి దీపం పథకం వచ్చినప్పుడు గ్యాస్ పొయ్యి చాలా ఇళ్లకు కొత్త. ఇప్పుడు దీపం-2 కింద అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, నాలుగు నెలలకు ఒకటి చొప్పున. రేషన్ కార్డు, ఆధార్, గ్యాస్ కనెక్షన్, బ్యాంకు ఖాతా సరిగ్గా అనుసంధానమై ఉండాలి. దీని మీద సందేహాలుంటే సచివాలయం సిబ్బంది ఇక్కడే ఉన్నారు, అడగండి.

నేను మాట్లాడేది సిలిండర్ ఇంట్లోకి వచ్చాక సంగతి.

నేను చూసిన ఒక ఇల్లు

కొన్నేళ్ల కిందట తెల్లవారుజామున నాలుగున్నరకు మాకు ఫోన్ వచ్చింది. రెండు గదుల రేకుల ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలు పొలం పనికి పోవాలని పెందలాడే లేచి వంటింటి తలుపు తీసింది. ఏదో వాసన. చీకటిగా ఉంది, ఏమిటో చూద్దామని లైటు వేసింది. అంతే. గది మొత్తం ఒక్కసారి భగ్గుమంది.

రాత్రి పొయ్యి మీది నాబ్ తిప్పి పడుకున్నారు గానీ బండ మీది రెగ్యులేటర్ కట్టలేదు. ట్యూబు ఎన్నేళ్ల నాటిదో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పొయ్యికి తగిలించే చోట చీలిక పడింది. రాత్రంతా గ్యాస్ సన్నగా కారుతూనే ఉంది. స్విచ్ నొక్కినప్పుడు లోపల పుట్టే చిన్న నిప్పురవ్వ చాలింది.

ఆవిడ బతికింది. ముఖం, రెండు చేతులు కాలాయి. ఇప్పటికీ కుడిచేతి వేళ్లు పూర్తిగా మడవలేదు. కలుపు తీసే పనికి పోలేదు. ట్యూబు మార్చడానికయ్యే ఖర్చు ఎంత, ఆ చెయ్యి పోగొట్టుకున్న కూలి ఎంత? మీరే లెక్క వేసుకోండి.

అందుకే ఇవాళ ఒకే ఒక్క అలవాటు చెప్పడానికి వచ్చాను. బండ మార్చిన రోజున ఇల్లంతా ఒకసారి నడిచి చూసుకోవాలి. పది నిమిషాల పని. తేదీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు, క్యాలెండర్‌లో రాసుకోనక్కర్లేదు. కొత్త బండ గుమ్మంలోకి వచ్చిందంటే ఇల్లు చూసుకునే రోజు వచ్చిందన్నమాట. ఇప్పుడు ఆ నడక మొదలుపెడదాం.

మొదట గుమ్మం దగ్గర – బండ దిగినప్పుడు

సీలు చూడండి. ఊడి ఉంటే తీసుకోవద్దు.

తూకం అడగండి. ఖాళీ బండ బరువు ఎంతో దాని మీదే రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే నిండు బండ బరువు. తూకం వేసి చూపించమని అడిగే హక్కు మీది. మొహమాటపడకండి.

బండ మెడ దగ్గర నిలువు పట్టీల లోపలి వైపు ఒక అక్షరం, ఒక అంకె రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. పక్కన ఉన్న అంకె సంవత్సరం. బి-28 అని ఉంటే 2028 జూన్ లోపు ఆ బండకు మళ్లీ పరీక్ష చేయాలని అర్థం. ఆ గడువు దాటిన బండ ఇస్తే వేరేది అడగండి. చాలామంది దాన్ని గ్యాస్ పాడయ్యే తేదీ అనుకుంటారు. గ్యాస్ పాడవదమ్మా, ఆ గడువు ఇనుప బండకు.

మూత తీయించి, లోపల నల్లటి రబ్బరు వాషర్ ఉందో లేదో చూడండి. వాషర్ లేకపోయినా, చిట్లి ఉన్నా రెగ్యులేటర్ పెట్టిన దగ్గర గ్యాస్ కారుతుంది. తెచ్చిన కుర్రాడి ముందే రెగ్యులేటర్ పెట్టి, కారడం లేదని చూసుకున్నాకే పంపండి. దారంతో కట్టి ఉన్న ఆ మూత పారేయకండి. బండ ఎప్పుడు కారినా ముందు పనికొచ్చేది అదే.

రెండోది వంటిల్లు

బండ నిటారుగా నిలబడి ఉండాలి. పొయ్యి బండ కన్నా ఎత్తులో, గట్టు మీద ఉండాలి. కొన్నిళ్లలో బండ పక్కనే నేల మీద పొయ్యి పెట్టి కూర్చుని వండుతారు. అది మంచిది కాదు. గ్యాస్ గాలి కన్నా బరువు. కారితే పైకి పోదు, నీళ్లలా కిందికి జారి నేల మీద పరుచుకుంటుంది. నేల మీద మంట ఉంటే నేరుగా దానికే అందుతుంది. గట్టు కట్టించడం ఇప్పుడు కుదరకపోతే గట్టి బల్ల ఒకటి వేసుకోండి.

అదే కారణంతో బండను తలుపులున్న అరలో మూసి పెట్టకండి. కిటికీ ఒక్కటే ఉంటే సరిపోదు, కింది నుంచి కూడా గాలి పోయే దారి ఉండాలి. తలుపు కింద సందు ఉంటే దానికి గుడ్డలు కుక్కకండి.

ఇక ట్యూబు. ఐఎస్ఐ ముద్ర ఉన్న సురక్షా ట్యూబే వాడండి. నారింజ రంగులో ఉంటుంది, లోపల తీగ అల్లిక ఉంటుంది. సంతలో దొరికే పచ్చ రంగు నీళ్ల పైపు గ్యాస్‌కు పనికిరాదు. ట్యూబు పొడవు మీటరున్నర దాటకూడదు, గోడలోంచి పోకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు. ఐదేళ్లకు ఒకసారి తప్పనిసరిగా మార్చాలి. ఎలుక కొరికినా, చీలినా ఆ రోజే మార్చాలి. దాని మీద ముద్రించిన సంవత్సరం చూసి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ట్యూబును వేళ్లతో వంచి చూడండి, సన్నని పగుళ్లు అప్పుడే కనిపిస్తాయి.

కారుతుందో లేదో చూడటానికి సబ్బు నీళ్లు చాలు. గిన్నెలో నురగ చేసి రెగ్యులేటర్ దగ్గర, ట్యూబు రెండు చివర్ల దగ్గర రాయండి. బుడగలు లేస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి.

ఇప్పుడు అసలు మాట ఒకటి. మూడు బండలు ఏడాదంతా రావు అని మీరు నాకు చెప్పక్కర్లేదు, నాకూ తెలుసు. స్నానానికి నీళ్లు కాచడానికి, పశువుల కుడితికి, పెద్ద వంటకు కట్టెల పొయ్యి వాడతారు. వాడుకోండి. కానీ ఆ పొయ్యి, ఈ బండ ఒకే పాకలో పక్కపక్కన ఉండకూడదు. కట్టెల పొయ్యి బయట, గాలి వాలు చూసుకుని పెట్టుకోండి. నేను చూసిన ప్రమాదాల్లో గ్యాస్ కారిన ఇంట్లో నిప్పు అందించింది చాలాసార్లు పక్కనున్న కట్టెల పొయ్యే.

ఇంకో మాట. బండ అయిపోవస్తోందని వేడి నీళ్లలో పెట్టడం, పడుకోబెట్టడం, తలకిందులు చేయడం చూస్తుంటాను. పూట వంట వస్తుందని ఆశ. బండలో ఉన్నది ద్రవం. అది బయటికొస్తే దాదాపు 250 రెట్లు గ్యాస్ అవుతుంది. పడుకోబెట్టిన బండలోంచి గ్యాస్‌కు బదులు ద్రవం ట్యూబులోకి వస్తే ఆ మంట మీ చేతిలో ఉండదు. అలాగే పెద్ద బండలోంచి చిన్న బండలోకి గ్యాస్ నింపించుకోవడం నేరం, ప్రాణాంతకం కూడా.

రాత్రి పడుకునే ముందు బండ మీది రెగ్యులేటర్ కట్టండి. పొయ్యి నాబ్ ఒక్కటే కడితే చాలదు. ముందు రెగ్యులేటర్ కడితే ట్యూబులో మిగిలినది మండిపోతుంది, తర్వాత పొయ్యి కట్టండి. "గ్యాస్ కట్టావా?" అని పడుకునే ముందు ఇంట్లో ఒకరు అడగాలి. పిల్లలకు ఆ పని అప్పజెప్పండి, వాళ్లు మర్చిపోరు.

మూడోది కరెంటు

స్విచ్ బోర్డుల మీద అరచెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా ఉన్నా, నల్లబడినా, చిటపటమన్నా లోపల వైరు వదులైందని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తడి చేత్తో ముట్టుకోకండి.

ఫ్యూజు పోయినప్పుడల్లా లావు రాగి తీగ చుట్టేవాళ్లున్నారు. ఫ్యూజు కాలిపోవడమే దాని ఉద్యోగం. అది కాలితే ఇల్లు కాలదు. లావు తీగ చుడితే ఫ్యూజు నిలబడుతుంది, గోడలో వైరు కాలుతుంది. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే దాన్ని పెద్దది చేయించడం కాదు, ఎందుకు పడుతోందో చూపించుకోవాలి.

ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కూలరు, ఫ్రిజ్, ఇస్త్రీ పెట్టె తగిలించకండి. ఫ్రిజ్ వంటింట్లో బండ పక్కన ఉంటే మరో గదిలోకి జరపండి. దాని మోటారు ఎవరూ నొక్కకుండానే ఆగి మొదలవుతుంటుంది. గ్యాస్ కారిన గదిలో అదొక స్విచ్ లాంటిదే.

ఫోను దిండు కింద, పరుపు మీద పెట్టి చార్జింగ్ చేయకండి. ఎలక్ట్రిక్ స్కూటర్ ఉన్నవాళ్లు ఇది బాగా వినండి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒకటి, నిజామాబాద్‌లో ఒకటి, ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. బ్యాటరీని పడుకునే గదిలో, గుమ్మానికి అడ్డంగా పెట్టి రాత్రంతా చార్జింగ్ చేయవద్దు. గుమ్మం దగ్గరే మంట లేస్తే బయటికి దారేది?

నాలుగోది దేవుడి మూల, పడక గది

దీపం కుందె కింద ఇత్తడి పళ్లెం పెట్టండి. దీపం పైన క్యాలెండర్లు, కాగితం పువ్వులు, పరదాలు ఉండకూడదు. దీపం వెలుగుతుండగా తలుపు తాళం వేసి ఊరికి పోకండి. సాంబ్రాణి, అగరుబత్తి ఆరిందో లేదో చూసుకోండి. దోమల చుట్టను మంచం కింద, దోమతెర పక్కన కాకుండా రేకు పళ్లెంలో దూరంగా పెట్టండి.

బండికి పోయాల్సిన పెట్రోలు, స్ప్రేయర్‌కు తెచ్చిన డీజిల్, రంగుల డబ్బాలు ఇంటి లోపల వద్దు. వాటర్ బాటిల్‌లో పెట్రోలు అసలే వద్దు. పిల్లలు తాగే ప్రమాదం కూడా ఉంది.

చివరగా ఇంటి చుట్టూ ఒక చుట్టు

ఈ ఎండల్లో తాటాకు ఇళ్లు, గడ్డి ఇళ్లు అగ్గిపెట్టె లాంటివి. గడ్డివాము ఇంటికి ఆనుకుని ఉంటే దూరం జరపండి. మిట్టమధ్యాహ్నం వడగాలి కొట్టేటప్పుడు బయట కట్టెల పొయ్యి వెలిగించకండి, పొద్దున్నే వంట ముగించుకోండి. పొయ్యిలోని బూడిద మీద నీళ్లు పోసి, చల్లారాకే పెంటలో వేయండి. పైకి బూడిదలా కనిపిస్తుంది, లోపల నిప్పు గంటల తరబడి ఉంటుంది. చుట్ట, బీడీ తాగి పైకప్పు వైపు విసరకండి.

ఇంటి మీదుగా పోయే కరెంటు తీగలు వేలాడుతుంటే 1912కి చెప్పండి. గుమ్మం దగ్గర ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక ఉంచండి. అగ్నిమాపక యంత్రం రావడానికి సందులో దారి ఉందా చూడండి. అడ్డంగా ట్రాక్టరు నిలిపి ఉంటే మేం ఎంత త్వరగా వచ్చినా ఏం లాభం? మా కేంద్రం మండల కేంద్రంలో ఉంది. దూరపు ఊళ్లకు అరగంట పడుతుంది. ఆ అరగంటలో మొదటి ఐదు నిమిషాలే ముఖ్యం. ఆ ఐదు నిమిషాలూ ఇంట్లో ఉండేది మీరు, మేం కాదు.

గ్యాస్ వాసన వస్తే

గ్యాస్‌కు స్వతహాగా వాసన ఉండదు. కారితే తెలియాలని కుళ్లిన కోడిగుడ్డు లాంటి వాసన కోసం మందు కలుపుతారు. ఆ వాసన రాగానే ఈ వరుసలో చేయండి.

ఒకటి, ఏ స్విచ్చూ వేయకండి. వేసి ఉన్నది తీయకండి కూడా. వేసినా, తీసినా రవ్వ పుడుతుంది. ఫ్యాను తిరుగుతుంటే తిరగనివ్వండి. లోపల ఫోను వాడకండి.

రెండు, దీపం, కట్టెల పొయ్యి, అగరుబత్తి ఏది వెలుగుతున్నా ఆర్పేయండి.

మూడు, రెగ్యులేటర్ కట్టండి. తర్వాత రెగ్యులేటర్ తీసి మూత బిగించండి.

నాలుగు, తలుపులు, కిటికీలు బార్లా తెరవండి.

ఐదు, అందరూ బయటికి రండి. బయటికొచ్చాక 1906కి ఫోన్ చేయండి. అది గ్యాస్ లీకేజీకి సంబంధించిన అత్యవసర నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

వాసన మరీ ఎక్కువగా ఉంటే లోపలికి పోనే వద్దు. అందరినీ బయటికి పిలవండి. కరెంటు మెయిన్ ఇంటి బయట దూరంగా ఉంటేనే కట్టండి.

మంట లేస్తే

బాండీలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. నీళ్లు పడగానే నూనె పైకెగిరి మంట కప్పుదాకా లేస్తుంది. పొయ్యి కట్టి, మూత పెట్టేయండి. మూత అందకపోతే బాగా పిండిన తడి గుడ్డ కప్పండి. బాండీని ఎత్తుకుని బయటికి పరుగెత్తకండి.

రెగ్యులేటర్ దగ్గర చిన్న మంట కనిపిస్తే మందపాటి తడి గోనె కప్పి రెగ్యులేటర్ కట్టండి. చెయ్యి చేరలేని మంట అయితే వదిలేసి బయటికి రండి. బండ మంటల్లో కాగుతుంటే దగ్గరికి పోవద్దు. అది పేలితే ముక్కలు చాలా దూరం ఎగురుతాయి. ఖాళీ బండ అయినా అంతే, అందులోనూ కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది.

కరెంటు మంటకు నీళ్లు పోయకండి. మెయిన్ కట్టి ఇసుక చల్లండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి ఊరు, వీధి, దగ్గరలో గుడి గానీ బడి గానీ గుర్తు చెప్పండి.

పొగ నిండితే వంగి, నేలకు దగ్గరగా పాకుతూ రండి. శుభ్రమైన గాలి కిందనే ఉంటుంది. ఒంటి మీద చీర అంటుకుంటే పరుగెత్తకండి. పరుగెత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది. కింద పడి దొర్లండి. పక్కవాళ్లు దుప్పటి కప్పండి. వంట చేసేటప్పుడు కొంగు నడుముకు దోపుకోండి. నైలాన్, పాలిస్టర్ చీరల కన్నా నూలు చీర మేలు.

కాలితే

కాలిన చోట కుళాయి కింద మామూలు చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయండి. ఐసు వద్దు. పేస్టు, ఇంకు, పసుపు, నూనె, పెరుగు ఏదీ రాయవద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. ఒంటికి అంటుకుపోయిన గుడ్డ లాగకండి. బొబ్బలు చిదపకండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి 108కి ఫోన్ చేయండి.

ప్రమాదం జరిగితే రావాల్సిన సాయం

ఇది చాలామందికి తెలియదు. చమురు కంపెనీలు గ్యాస్ వినియోగదారులందరి కోసం బీమా చేయిస్తాయి. దానికి మీరు వేరే ప్రీమియం కట్టనక్కర్లేదు. గ్యాస్ వల్ల జరిగిన ప్రమాదంలో మనిషి చనిపోతే ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయలు. వైద్యానికి మొత్తం ప్రమాదానికి 30 లక్షల వరకు, మనిషికి 2 లక్షల వరకు. ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు.

కానీ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ఆస్తి నష్టానికి డబ్బు రావాలంటే ప్రమాదం జరిగిన ఇల్లు కనెక్షన్‌లో నమోదైన ఇల్లే అయి ఉండాలి. మీలో ఎంతమంది పాత ఇంటి చిరునామా మీదే కనెక్షన్ ఉంచి కొత్త ఇంట్లో ఉంటున్నారు? ఎంతమంది అత్తగారి ఊళ్లో ఉంటూ పుట్టింటి కనెక్షన్ వాడుతున్నారు? రేపే ఏజెన్సీకి పోయి చిరునామా మార్పించుకోండి. ట్యూబు, పొయ్యి కొన్న రసీదులు గ్యాస్ పుస్తకంలో పెట్టి ఉంచండి.

ప్రమాదం జరిగితే ఆలస్యం చేయకుండా మీ గ్యాస్ ఏజెన్సీకి రాతపూర్వకంగా చెప్పండి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. పోలీసు ఫిర్యాదు, మా శాఖ ఇచ్చే పత్రం, ఆసుపత్రి బిల్లులు దాచండి. ఏజెన్సీ ద్వారానే ఆ దరఖాస్తు కంపెనీకి, అక్కడి నుంచి బీమా సంస్థకు పోతుంది. ఇప్పిస్తామని మధ్యవర్తులు వస్తే పైసా ఇవ్వకండి. ఇల్లు కాలిపోతే తహసీల్దార్ కార్యాలయంలో కూడా వేరే దరఖాస్తు పెట్టుకోవాలి.

రేషన్ కార్డు, ఆధార్, పాసు పుస్తకం, గ్యాస్ పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒకే సంచిలో పెట్టి గుమ్మానికి దగ్గరగా ఉంచండి. అన్నిటి ఫొటోలు ఫోన్‌లో ఉంచుకోండి. అయితే ఒక్కటి గుర్తు. మంట లేచాక ఆ సంచి కోసం ఎవరూ లోపలికి పోవద్దు. కాగితం మళ్లీ వస్తుంది.

సమావేశంలో అడిగిన ప్రశ్నలు

గ్యాస్ కారుతోందని ఫిర్యాదు చేస్తే ఉచిత బండ ఆపేస్తారా?
ఆపరు. ఉచిత బండకు అర్హత వేరు, లీకేజీ ఫిర్యాదు వేరు. ఈ భయంతోనే చాలామంది చెప్పడం మానేస్తున్నారు. భయపడకండి.

ట్యూబు మా ఆయన మారుస్తాడు, ఏజెన్సీ మనిషి ఎందుకు?
ట్యూబు తగిలించడం కష్టమేం కాదు. కానీ క్లిప్పు బిగింపు, పొయ్యి లోపలి కారడం మెకానిక్‌కే తెలుస్తాయి. ఐదేళ్లకోసారి ఏజెన్సీ మెకానిక్ వచ్చి తనిఖీ చేయాలి. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు చూడండి, డబ్బు ఇస్తే రసీదు తీసుకోండి.

ముసలావిడకు వాసన సరిగా తెలియదు. ఎలా?
మంచి ప్రశ్న. పెద్దవాళ్లు ఒక్కరే ఉండే ఇళ్లలో పక్కింటివాళ్లు రాత్రి ఒకసారి "గ్యాస్ కట్టావా అవ్వా" అని అడగండి. మీ సంఘంలో ఆ ఇళ్లు ఎవరివో ఇప్పుడే పంచుకోండి.

మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తోంది.
బర్నరు రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. చల్లారాక తీసి శుభ్రం చేయండి. అప్పటికీ మారకపోతే మెకానిక్‌ను పిలవండి. పసుపు మంట గిన్నెను మసి చేస్తుంది, గ్యాస్ కూడా ఎక్కువ తాగుతుంది.

నిండు బండ ఇంకోటి ఇంట్లో ఉంటే?
మూత బిగించి, నిటారుగా, పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట ఉంచండి. మంచం కింద వద్దు.

చివరి మాట

పోయిన ఏడాది ఇంకో ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మేం వెళ్లేసరికి మంట లేదు, పొగ లేదు. ఇంటి ముందు వేపచెట్టు కింద ఒకావిడ ఇద్దరు పిల్లలతో కూర్చుని ఉంది. తెల్లవారుజామున లేచి వంటింటి తలుపు తీయగానే వాసన వచ్చిందట. లైటు వేయలేదు. చీకట్లోనే తడుముకుంటూ రెగ్యులేటర్ కట్టి, తలుపులు తీసి, పిల్లల్ని ఎత్తుకుని బయటికి వచ్చేసింది. ఎలుక ట్యూబు కొరికింది.

"ఎవరు చెప్పారమ్మా లైటు వేయొద్దని?" అని అడిగాను. సంఘం మీటింగులో విన్నానంది.

మొదటి ఇంట్లోనూ అదే వేళ, అదే చీకటి, అదే వాసన. తేడా ఒక్క మాట విన్నందుకే వచ్చింది. మీరు కూడా ఈ మాట ఇంటికి తీసుకుపోయి ఇంకో ఇద్దరికి చెప్పండి. మేం మీ ఇంటికి రావాల్సిన అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను. సెలవు.

బండ మార్చిన రోజు చూసుకోవాల్సిన పట్టీ

☐ సీలు, తూకం, గడువు అక్షరం, వాషర్ చూశాను
☐ రెగ్యులేటర్, ట్యూబు చివర్లకు సబ్బు నీళ్లు రాశాను
☐ ట్యూబుకు ఐదేళ్లు దాటలేదు, పగుళ్లు లేవు
☐ పొయ్యి బండ కన్నా ఎత్తులో ఉంది
☐ కట్టెల పొయ్యి, ఫ్రిజ్ బండకు దూరంగా ఉన్నాయి
☐ స్విచ్ బోర్డులు వెచ్చగా లేవు, ఫ్యూజులో లావు తీగ లేదు
☐ దీపం పైన కాగితాలు, పరదాలు లేవు
☐ ఇంట్లో పెట్రోలు, డీజిల్ లేవు
☐ గడ్డివాము ఇంటికి దూరంగా ఉంది, బూడిద చల్లారింది
☐ గుమ్మం దగ్గర నీళ్లు, ఇసుక ఉన్నాయి, దారికి అడ్డం లేదు
☐ కనెక్షన్‌లో ఇప్పటి చిరునామా ఉంది
☐ ఇంట్లో అందరికీ నంబర్లు తెలుసు

గ్యాస్ లీకేజీ: 1906
అగ్నిమాపక కేంద్రం: 101
అత్యవసర సాయం: 112
అంబులెన్స్: 108
కరెంటు: 1912